ఎన్‌రిచ్: లెక్కలు త్వరగా చేసేసే పిల్లల కోసం

ఇచ్చిన లెక్కలు అందరికంటే ముందే ముగించి "ఇంకేం చేయమంటారు సార్?" అని నిలబడే పిల్లలు ప్రతి స్కూల్లోనూ ఉంటారు. వాళ్ళకి మనం అలాంటివే ఇంకో పది లెక్కలు ఇస్తాం, లేదంటే పై తరగతి పుస్తకం తీస్తాం. మొదటి పద్ధతిలో త్వరగా చేసినందుకు పిల్లకి పని పెరుగుతుంది, అంతే. రెండోది మన ఊళ్ళలో ఆరో తరగతి ఐఐటీ ఫౌండేషన్ పేరుతో బాగా నడుస్తోంది. అందులో సూత్రం తొందరగా నోటికి వస్తుంది, అది ఎందుకు పనిచేస్తుందో ఆలోచించే తీరిక మాత్రం పిల్లకి దొరకదు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఈ పిల్లల కోసం నేను వాడేది ఎన్‌రిచ్ అనే వెబ్‌సైట్. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ వాళ్ళు 1996 నుంచి నడుపుతున్నారు. పూర్తిగా ఉచితం. లెక్కలు చూడటానికి లాగిన్ కూడా అక్కర్లేదు.

ఇక్కడి లెక్కల ప్రత్యేకత ఏమిటంటే, క్లాసులో ఎవరైనా మొదలుపెట్టగలరు, చురుకైనవాళ్ళు ఎంత లోతుకైనా వెళ్ళగలరు. కారణాంకాలు, గుణిజాల ఆట చూడండి. 1 నుంచి 100 వరకు అంకెల పట్టిక. మొదటి ఆటగాడు 50 కంటే తక్కువున్న ఒక సరి సంఖ్యను కొట్టేస్తాడు. రెండోవాడు దాని కారణాంకాన్నో గుణిజాన్నో కొట్టాలి. ఇలా మార్చి మార్చి ఆడుతూ పోవాలి. ఒకసారి కొట్టేసిన సంఖ్యను మళ్ళీ వాడకూడదు. కొట్టడానికి ఏదీ మిగలనివాడు ఓడిపోయినట్టు. ఎక్కాలు సరిగా రాని పిల్లలు కూడా దీన్ని ఇష్టంగా ఆడతారు.

మా ఏడో తరగతిలో ఒకమ్మాయి కాసేపు ఆడి, "మొదటి సంఖ్య 50 లోపు సరి సంఖ్యే ఎందుకవ్వాలి సార్?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు, 97తో మొదలుపెట్టి చూడమన్నాను. 97 ప్రధాన సంఖ్య, దాని గుణిజం ఏదీ 100 లోపు లేదు కాబట్టి అవతలివాళ్ళకు 1 తప్ప దారి లేదు. 1 కొట్టగానే ఈమె 89 కొట్టేసింది. ఆట అయిపోయింది! ఆ నియమం లేకపోతే మొదటివాళ్ళే గెలుస్తారని ఆ అమ్మాయి తనే తేల్చి, 50 దాటిన ప్రధాన సంఖ్యలన్నీ జాబితా రాసుకుంది. ప్రధాన సంఖ్యల పాఠం నేను ఎంత బాగా చెప్పినా ఆ జాబితా ఆమె చేత రాయించగలిగేవాణ్ణి కాదు.

నాకు ఇంకా బాగా ఉపయోగపడేది టీచర్ల కోసం ఇచ్చే పేజీ. ఈ లెక్క ఎందుకు చేయించాలి, క్లాసులో ఎలా నడపాలి, ఏ ప్రశ్నలు అడగాలి, ముందున్నవాళ్ళను ఎటు తీసుకెళ్ళాలి, వెనకబడినవాళ్ళకు ఏ సాయం చేయాలి అన్నీ అందులో ఉంటాయి. పీరియడ్ ప్లాన్ వేసుకోవడం తెలిసిన టీచరుకి దీని విలువ వెంటనే అర్థమవుతుంది. ఉదాహరణకి 1 నుంచి 5 వరకు అంకెలను వి ఆకారంలో పేర్చి రెండు చేతుల మొత్తం సమానం చేయమనే లెక్క ఉంది. జవాబు దొరికాక ఆపేస్తే అది పజిల్ మాత్రమే. కింద ఎప్పుడూ బేసి సంఖ్యే ఎందుకొస్తోంది అని అడిగితే మొత్తం 15 అనీ, కిందది తీసేస్తే మిగిలింది రెండు సమాన భాగాలు కావాలనీ పిల్లలే చెబుతారు. అంకెలను 2 నుంచి 6కి మారిస్తే కింద ఏమొస్తుందని అడిగి వదిలేయండి, పీరియడ్ అయ్యేదాకా ముందున్నవాళ్ళు మన జోలికి రారు.

వివిధ స్కూళ్ళ పిల్లలు పంపిన సాధనలు కూడా పెడతారు. ఒకే లెక్కకి రెండు మూడు దారులు పక్కపక్కన కనిపిస్తాయి. మా దగ్గరున్న పెద్ద టచ్ ప్యానెల్ మీద వాటిని చూపించి, ఏది నచ్చింది, ఎందుకు నచ్చింది అని అడుగుతాను.

ఇబ్బందులు ఉన్నాయి. అంతా ఇంగ్లీషులోనే ఉంటుంది. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలకు ప్రశ్న అర్థమయ్యేలోపే ఉత్సాహం పోతుంది, అందుకే నేను ముందురోజే బోర్డు మీద రాసే మాటలు తెలుగులో సిద్ధం చేసుకుంటాను. వరుస కూడా ఇంగ్లండ్ సిలబస్ ప్రకారం, కీ స్టేజ్‌లు అనే వాళ్ళ తరగతుల దశల్లో ఉంటుంది. మన 6, 7, 8 తరగతులకు కీ స్టేజ్ 3 దగ్గరగా ఉన్నా, కీ స్టేజ్ 2 నుంచి మొదలుపెట్టడం మంచిది. మన పుస్తకంలో ఏ పాఠానికి ఏ లెక్క సరిపోతుందో మనమే వెతుక్కోవాలి. నాకు మొదట్లో ఎక్కువ టైమ్ దానికే పోయింది.

ఎన్‌ఎంఎంఎస్ అనే ఎనిమిదో తరగతి స్కాలర్‌షిప్ పరీక్షకు సిద్ధం చేయడానికి మాత్రం దీన్ని నమ్ముకోకండి. ఏటా 12,000 రూపాయల స్కాలర్‌షిప్ అంటే మా పిల్లల ఇళ్ళలో చిన్న విషయం కాదు, దానికి పాత పేపర్లు టైమ్ పెట్టి చేయించాల్సిందే. నేను వారంలో ఒక పీరియడ్ ఎన్‌రిచ్‌కి, మిగతా ఖాళీ పీరియడ్లు పాత పేపర్లకి ఇస్తున్నాను. మీరూ మొదలుపెట్టాలనుకుంటే పైన చెప్పిన ఆటతో మొదలుపెట్టండి. నోట్‌బుక్‌లో గీసిన వంద గళ్ళ పట్టిక, ఇద్దరికి ఒక పెన్సిల్ చాలు.