టెన్షన్ తగ్గాలంటే ఏది మేలు: తెల్ల కాగితమా, రంగుల పుస్తకమా, చుక్కల ముగ్గా?

కడపలో ఎండలు ముదిరే రోజుల్లోనే ఇంటర్ ఫలితాలూ, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) హడావుడీ. పిల్లలతోపాటు ఇంట్లో పెద్దవాళ్లకూ నిద్ర పట్టదు. 'కాసేపు ఏదైనా బొమ్మ వేసుకో, తేలికపడతావు' అని చెప్తుంటాం. మంచి మాటే. కానీ ఏం వేయాలో కూడా చెప్పాలి, ఎందుకంటే అన్నీ ఒకేలా పనిచేయవు.

తెల్ల కాగితం, రంగులు ముందు పెట్టి ఇష్టమొచ్చింది వేయమంటే, కంగారులో ఉన్న మనిషికి ఏం వేయాలన్నదే కొత్త టెన్షన్. 2005లో అమెరికాలో 84 మంది కాలేజీ విద్యార్థులతో ఒక పరిశోధన చేశారు. తమను భయపెట్టిన సంఘటన గురించి ముందు వాళ్లతో రాయించి, తర్వాత కొందరికి గుండ్రటి మండల డిజైన్, కొందరికి గళ్ల డిజైన్, మిగతావారికి ఖాళీ కాగితం ఇచ్చారు. డిజైన్లలో రంగులు నింపినవారికే ఆందోళన ఎక్కువ తగ్గింది.

ఆ లెక్కన రంగుల పుస్తకం మేలే. మంచం మీద పడుకుని కూడా రంగులు వేసుకోవచ్చు. పుస్తకం కొనకపోయినా పర్వాలేదు. లేపాక్షి లతా మండపం స్తంభాల మీది డిజైన్ల ఫొటో ముందు పెట్టుకుని గీసి, రంగులు నింపుకుంటే సరిపోతుంది. అయితే ఒకరు గీసినదాంట్లో రంగు నింపడం కొన్నాళ్లకు విసుగనిపిస్తుంది. చేయి తన దారిన తాను పోతుంటే, మనసు మళ్లీ మార్కుల దగ్గరికే వెళ్తుంది.

నా ఓటు చుక్కల ముగ్గుకే, అందులోనూ మెలికల ముగ్గుకు. 7 చుక్కలు పెట్టి, 4 వచ్చేవరకు సందు చుక్క పెడితే మొత్తం 37 చుక్కలు. గీత ప్రతి చుక్కనూ చుట్టి, మొదలైన చోటికే వచ్చి కలవాలి. ఒక్క మెలిక తప్పినా ముగ్గు కుదరదు కాబట్టి, వేరే ఆలోచనకు చోటు ఉండదు. తప్పితే తుడిచేసి మళ్లీ వేసుకోవచ్చు, ఎవరూ మార్కులు వేయరు. మన ఇళ్లలో నల్లటి కడప బండలు ఉండనే ఉన్నాయి, సుద్దముక్క ఒక్కటి చాలు. మగపిల్లలు కూడా వేయాలి, ఇది ఆడపిల్లల పని అని వాళ్లను దూరం పెట్టడం నాకు బాధనిపిస్తుంది. నేల మీద వంగలేనివారు నోటు పుస్తకంలో పెన్నుతో వేసుకోవచ్చు.

'నాకు బొమ్మలు రావు' అనేవారికి ఒక మాట. 2016లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం వారు 39 మంది పెద్దవాళ్లకు రంగులు, కాగితాలు, బంకమట్టి ఇచ్చి 45 నిమిషాలు నచ్చింది చేసుకోమన్నారు. దాదాపు 75 శాతం మందిలో ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ హార్మోన్ తగ్గింది. అంతకుముందు బొమ్మలు వేసిన అలవాటు ఉందా లేదా అన్నదానితో పెద్ద తేడా రాలేదు.

ఇష్టమొచ్చింది చేయమన్నా వాళ్లలో చాలామందికి మేలే జరిగింది కదా. అందుకే తెల్ల కాగితాన్ని పూర్తిగా పక్కన పెట్టమనను. కంగారు కాస్త తగ్గాక, లోపల ఉన్న కోపమో దుఃఖమో ఎవరికీ చెప్పుకోలేనప్పుడు అదే పనికొస్తుంది. ముగ్గులో మన బాధ కనిపించదు, కాగితం మీద గీసుకుంటే కనిపిస్తుంది. వేసింది ఎవరికీ చూపించక్కర్లేదు, స్టేటస్‌లో అసలే పెట్టొద్దు.

ఇవన్నీ చేసినా రోజుల తరబడి నిద్ర పట్టకపోతే, బతుకు మీద విరక్తి కలుగుతుంటే మాత్రం ముగ్గుతో సరిపెట్టుకోవద్దు. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.