ధ్యాన పుస్తకాలు: ఏళ్ళ తరబడి వాడాక తేలిన బాగోగులు

విజయవాడ, గుంటూరు క్రైస్తవ ఇళ్ళలో బైబిలు, పాటల పుస్తకం పక్కన మూడోది ఒకటి ఉంటుంది. తేదీల వారీగా రోజుకో పేజీ చదువుకునే ధ్యాన పుస్తకం. పుట్టినరోజుకో, బాప్తిస్మానికో ఎవరో ఇచ్చి ఉంటారు. జనవరి పేజీలు నలిగి, మార్చి నుంచి కొత్తగానే మిగిలిపోయే పుస్తకాలూ ఇవే. కుటుంబ ప్రార్థనలో ఏళ్ళ పాటు వాడితే తప్ప వీటి అసలు గుణం బయటపడదు. వీటిని కొలవడానికి నేను చూసేది ఒక్కటే: పేజీ చదివాక బైబిల్లో ఆ అధ్యాయం తెరవాలనిపిస్తుందా, ఇక తెరవక్కర్లేదనిపిస్తుందా?

ముందుగా ‘ఎడారిలో సెలయేర్లు’ గురించి చెప్పాలి, మన వైపు దీనికున్న పేరు ఇంకో పుస్తకానికి లేదు. చార్లెస్ కౌమన్, లెట్టీ కౌమన్ దంపతులు 1901లో జపాన్‌కి మిషనరీలుగా వెళ్ళారు. చార్లెస్‌కి గుండెజబ్బు ముదరడంతో అమెరికా తిరిగి వెళ్ళిపోయారు. ఆయన చాలాకాలం మంచంలో ఉండి 1924లో చనిపోయారు. ఆ రోజుల్లో తమకు ఊరటనిచ్చిన రాతలన్నీ ఏర్చి 1925లో ఆమె ఈ పుస్తకం తెచ్చారు. స్పర్జన్, ఎఫ్.బి. మేయర్, ఎ.బి. సింప్సన్ లాంటి ఎంతోమంది బోధకుల మాటలు ఇందులో ఉన్నాయి. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళకి, ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళకి ఇంతకంటే మంచి పుస్తకం చూపించలేను. చిక్కు కూడా అక్కడే ఉంది. ఏడాది పొడుగునా శ్రమ, సహనం, కనిపెట్టుకుని ఉండటం. డబ్బు వాడకం, పొరుగువాడి హక్కు, పశ్చాత్తాపం, ఇంట్లో మాట తీరు లాంటివి ఎక్కడో గాని తగలవు. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడికి ఇది ఇస్తే ఫిబ్రవరికే పక్కన పెడతాడు, అతని తప్పేం లేదు. పైగా ఇది ఏర్చి కూర్చిన పుస్తకం. ఒకరోజు పేజీ ఊరకుండి కనిపెట్టమంటుంది, ఇంకోరోజుది విడవకుండా అడగమంటుంది. వెంట వెంటనే చదివేవాళ్ళు తికమకపడతారు.

జనవరి 1 పేజీనే చూడండి. వాక్యం ద్వితీయోపదేశకాండము 11:11-12: కొండలు, లోయలు ఉన్న దేశం, ఆకాశపు వాన నీళ్ళు తాగే దేశం. పేజీ బాగుంటుంది. కానీ దాని పైనున్న 10వ వచనం ఐగుప్తులో కూరతోటకి నీళ్ళు కట్టినట్టు కట్టేవారంటుంది. ప్రకాశం బ్యారేజీ కాలువల కింద మాగాణి చేసేవాళ్ళకి, వానకోసం మొగులు చూసే పల్నాడు మెట్ట రైతుకి ఆ తేడా ఎవరూ వివరించక్కర్లేదు. కాలువ నీళ్ళ నమ్మకం వదిలి వర్షాధారపు నేలకి వెళ్ళమంటున్నాడు దేవుడు. కింద 13 నుంచి 17 దాకా చదివితే షరతు కూడా కనిపిస్తుంది: మాట వింటే వాన, అన్యదేవతల వైపు తిరిగితే ఆకాశం మూసుకుపోతుంది. రెండు వచనాలతో ఆగితే కొత్త సంవత్సరపు దీవెనగా మిగులుతుంది. ఎనిమిది వచనాలు చదివితే దేవుడు తన ప్రజలతో చేసుకున్న నిబంధనలోని (ఒప్పందంలోని) మాటని తెలుస్తుంది. ఈ పుస్తకాన్నిలా పైనా కిందా కలిపి చదివితే పది రెట్లు పనికొస్తుంది, ఒట్టి పేజీగా చదివితే సగమే.

ఇదే జబ్బు, ఒక్కో బైబిలు వచనం అచ్చువేసిన వాగ్దాన కార్డుల్లో బాగా ముదిరి ఉంటుంది. డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనలో తలా ఒకటి తీసుకుంటాం, తర్వాత గోడ క్యాలెండరు మీద పెద్దక్షరాల్లో అదే. మన దగ్గర బాగా తిరిగే వాగ్దానాల్లో ఒకటి యోబు 8:7: మొదట కొద్దిగా ఉన్నా చివరికి మహాభివృద్ధి పొందుతావని. షాపుల ప్రారంభోత్సవ కార్డుల మీదా ఇదే వేస్తారు. ఆ మాట అన్నది దేవుడు కాదు, యోబు స్నేహితుల్లో ఒకడు, షూహీయుడైన బిల్దదు. పిల్లలు చచ్చిపోయిన తండ్రి ముందు కూర్చుని, నీ పిల్లలు పాపం చేసి ఉంటారన్న మనిషి (8:4). యోబు స్నేహితులు తన గురించి యుక్తంగా మాట్లాడలేదని 42:7లో దేవుడే కోప్పడ్డాడు. అయినా కార్డు ఏటేటా అచ్చవుతూనే ఉంది! యిర్మీయా 29:11 సంగతీ అంతే. అది బబులోను చెరలో ఉన్నవాళ్ళకి రాసిన ఉత్తరం. 10వ వచనంలో డెబ్బై సంవత్సరాల గడువుంది, అంటే విన్నవాళ్ళలో చాలామంది ఆ తిరిగిరావడం చూడరు.

కార్డులు మానేయమనడం లేదు. కార్డు వెనక ఖాళీ జాగాలో మూడు ముక్కలు రాసుకోవాలి: ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు, దేని తర్వాత అన్నారు. ఐదు నిమిషాల పని. వాగ్దానాలే రోజుకొకటి కావాలంటే 1888లో స్పర్జన్ తెచ్చిన ‘చెక్ బుక్ ఆఫ్ ది బ్యాంక్ ఆఫ్ ఫెయిత్’ వీటికంటే చాలా నయం. వచనం ఇచ్చి ఊరుకోడు, అది ఎవరికి చెల్లుతుందో అడుగుతాడు. ఆయనదే ‘మార్నింగ్ అండ్ ఈవెనింగ్’ మాత్రం రోజుకి రెండు పూటలా ఉంటుంది. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళే ఇంట్లో సాయంత్రం భాగం తప్పకుండా వెనకబడుతుంది. ఏదో ఒక పూట ఎంచుకుని అదే చదవడం మేలు.

ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లల చేతుల్లో రెండు కనిపిస్తాయి. ఆస్వాల్డ్ చాంబర్స్ ‘మై అట్మోస్ట్ ఫర్ హిజ్ హైయెస్ట్’ ఆయన రాసింది కాదు. ఆయన 1917లో ఈజిప్టులో చనిపోయాక, ఆయన ప్రసంగాల్ని షార్ట్‌హ్యాండ్‌లో రాసుకున్న భార్య బిడ్డీ వాటిలోంచి కూర్చి 1927లో అచ్చు వేయించారు. అందుకే ఒక్కోచోట ముందు వెనకలు తెగినట్టుంటుంది, వాక్యం గట్టిగా తగులుతుంది గాని ఎటునుంచి వచ్చిందో తెలియదు. 1992లో వచ్చిన సరళీకృత ప్రతి కొనండి, పాత ఇంగ్లీషుతో కుస్తీ తప్పుతుంది. ఇక 2004 నాటి ‘జీసస్ కాలింగ్’ చదవడానికి హాయిగా ఉంటుంది, కానీ ప్రతి పేజీ యేసే ‘నేను’ అంటూ మాట్లాడుతున్నట్టు రాశారు. చిన్నపిల్లలున్న ఇంట్లో గట్టిగా చదివే పుస్తకం కాదని నా అభిప్రాయం. లేఖనమేదో, రచయిత్రి సారా యంగ్ మాటేదో వాళ్ళు విడదీసుకోలేరు.

‘అవర్ డైలీ బ్రెడ్’ 1956 నుంచి వస్తోంది, తెలుగులోనూ దొరుకుతుంది. చదవాల్సిన భాగాన్ని పేజీ పైనే ఇస్తుంది, అది దాని పెద్ద సుగుణం. ఆ భాగం వదిలేసి కథ మాత్రం చదివితే అమెరికా మంచు, బేస్‌బాల్ తప్ప ఏమీ మిగలదు.

కతోలిక కుటుంబాల్లో థామస్ అకెంపిస్ ‘ఇమిటేషన్ ఆఫ్ క్రైస్ట్’ది ప్రత్యేక స్థానం. నాలుగు భాగాల్లో 25, 12, 59, 18, మొత్తం 114 అధ్యాయాలు. తేదీలు లేవు. రోజుకొకటి చదివితే ఏడాదిలో మూడుసార్లు పూర్తయి కాసిని రోజులు మిగులుతాయి కూడా. పదిహేనో శతాబ్దపు సన్యాసుల కోసం రాసింది కాబట్టి ఏకాంతం, మౌనం మీద మాటలు ఉమ్మడి కుటుంబంలో కుదరవు. ఆ చోట్ల తిరగేసి ముందుకెళ్ళడంలో తప్పులేదు. నాలుగో భాగం దివ్య సత్ప్రసాదం (ప్రభు భోజనం) గురించి. కొన్ని ప్రొటెస్టెంట్ ప్రతుల్లో దాన్ని తీసేశారు, కొనేముందు విషయసూచిక చూసుకోండి. ఇంకో జాగ్రత్త: పాత కతోలిక పుస్తకాల్లో కీర్తనల సంఖ్య చాలా వరకు ఒకటి వెనక ఉంటుంది. మనకి 23 అయిన కాపరి కీర్తన వాటిలో 22. అచ్చుతప్పు అనుకోకండి.

తేదీ పుస్తకాలన్నిటికీ ఉన్న లోటు సంఘ క్యాలెండరుతో కుదరకపోవడం. ఈస్టరుకి ముందుండే శ్రమల కాలం మొదలయ్యే భస్మ బుధవారం 2025లో మార్చి 5న వచ్చింది, 2026లో ఫిబ్రవరి 18న. ఈస్టరు మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య ఎక్కడైనా రావచ్చు. పుస్తకంలో తేదీ కదలదు. కాబట్టి మంచి శుక్రవారం నాడు మన పేజీ ఇంకేదో మాట్లాడుతూ ఉంటుంది. లూథరన్, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), కతోలిక ఇళ్ళలో శ్రమల కాలపు నలభై రోజులకి ధ్యాన పుస్తకం మూసేసి, ఒక సువార్త తీసుకోవడమే సుఖం. మార్కు సువార్త 16 అధ్యాయాలే, సగం సగం చదివినా వారం పైన మిగులుతుంది.

గుంటూరు లూథరన్లకి ఇంట్లోనే ఉన్నా వాడుకలో లేని సాధనం ఇంకొకటి ఉంది. 1535లో, ఆ సంఘానికి పేరిచ్చిన మార్టిన్ లూథర్ తన మంగలి పీటర్‌కి ప్రార్థన ఎలా చెయ్యాలో ఒక చిన్న పుస్తకం రాసిచ్చాడు. పది ఆజ్ఞల్లో ప్రతిదాన్నీ నాలుగు పేటలుగా విడదీయమంటాడు: ఉపదేశం, కృతజ్ఞత, ఒప్పుకోలు, విన్నపం. ఇది ఏ ధ్యాన పుస్తకానికైనా అతుకుతుంది. ఫిలిప్పీయులకు 4:13 ఆ రోజు వాక్యం అనుకోండి, పిల్లలు హాల్‌టికెట్ మీద రాసుకునే వచనం. ముందు 11, 12 చదవాలి. ఉపదేశం: ఆకలిలోనూ సమృద్ధిలోనూ సంతృప్తిగా ఉండటం పౌలు నేర్చుకున్నాడు. కృతజ్ఞత: ఇవాళ ఇంట్లో ఉన్నదానికి. ఒప్పుకోలు: ఎంట్రన్స్ పరీక్షకీ వీసాకీ మాత్రమే ఈ వచనం ఎత్తుకున్నందుకు. విన్నపం: ర్యాంకు వచ్చినా రాకపోయినా నిలబడే బలం ఇమ్మని. నలుగురున్న ఇంట్లో తలా ఒకటి చెబితే పావుగంటలో అయిపోతుంది, ప్రార్థన ఒక్కరి మీదే పడదు. వరస మాత్రం మారకూడదు: ముందు పాట, తర్వాత బైబిలు భాగం, ఆ తర్వాతే పుస్తకం పేజీ. పేజీ ముందు చదివితే బైబిలు భాగం చదివేసరికి చెవులు మూతపడి ఉంటాయి.

కొనేటప్పుడు అట్ట చూసి మోసపోవద్దు. జిగురు బైండింగ్ మన మే నెల ఎండకి ఎండి జూన్ పేజీల దగ్గర విడిపోతుంది. పుస్తకాన్ని మధ్యకి తెరిచి బల్ల మీద పెట్టండి, వెన్ను పటపటమంటే వదిలేయండి. బైండింగ్ షాపులో పక్క కుట్టు వేయించాలంటే లోపలి మార్జిన్ కనీసం అరంగుళం ఉండాలి, లేకపోతే అక్షరాలు కుట్టులోకి పోతాయి. పెద్దవాళ్ళకైతే అక్షరం సైజు కంటే వరుసల మధ్య జాగా చూడండి. ‘వస్త్రము’, ‘శాస్త్రులు’ లాంటి మాటల ఒత్తులు కింది వరుస తలకట్లకి తగులుతుంటే కళ్ళజోడు మార్చినా లాభం లేదు. పలచటి కాగితమైతే గీతలు పెన్సిలుతోనే.

చివరగా రెఫరెన్సులు. అచ్చులో ఒక అంకె ఎగిరిపోతే కీర్తన 119:105 కాస్తా 19:105 అవుతుంది, 19వ కీర్తనలో ఉన్నవి 14 వచనాలే. ఫిబ్రవరిలో గుణదల ఉత్సవాల దగ్గరో, గుంటూరు సభల దగ్గరో స్టాల్ ముందు నిలబడ్డప్పుడు ఏవైనా ఐదు తేదీలు తెరిచి ఫోనులోని బైబిలుతో సరిచూడండి. అందులో ఒకటి ఫిబ్రవరి 29 అయి ఉండాలి. ఐదింటిలో రెండు తప్పితే ఆ ముద్రణ కొనకండి, పాత ముద్రణ కోసం అడగండి.