మూడేండ్లుగా కడుతున్న స్టీల్ డబ్బా: పిల్లలు ఏం తిన్నరు, ఏం తిప్పి పంపిన్రు

2022 జూన్‌లో బడులు తెరిచిన వారమే మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర ఒక స్టీల్ సామాన్ల దుకాణంలో రెండు డబ్బాలు కొన్న. పలకలాగ వెడల్పుగ ఉంటది, లోపల మూడు గదులు, మూతకు రబ్బరు రింగు, రెండు పక్కల క్లిప్పులు. ఒక్కోటి 450 రూపాయలు పడ్డది. పెద్దోడు అప్పుడు రెండో తరగతి, చిన్నది ఎల్కేజీ. ఇప్పటికీ పొద్దుగాల ఏడింటికి సద్ది కట్టేది వాటిలోనే.

ముందు నన్ను ఏడిపించిన సంగతి చెప్త. మొదటి నెల చిన్నదాని అన్నం డబ్బా ఎట్ల పంపితే అట్లనే తిరిగొచ్చేది. కూర నచ్చలేదేమో అనుకొని ఒకరోజు ఆలుగడ్డ వేపుడు, ఒకరోజు టమాట బాత్, ఒకరోజు జీర అన్నం, ఇట్ల రోజుకో రకం చేసిన. పది గంటలకు తినే చిన్న డబ్బీ మాత్రం రోజూ ఖాళీ. దాని మూత ఊరికే పైన కూర్చుంటది, అది నాకు తట్టలేదు. ఒక ఆదివారం అన్నం డబ్బా ముందర పెట్టి "తీయి బిడ్డా" అంటే, రెండు చేతులతో గుంజింది, క్లిప్పు కదలలేదు. మిస్సును అడగొచ్చు కదా అంటే సిగ్గైతదట. నెలరోజులు నేను వంటను అనుమానించిన.

మా ఆయన పటకారుతో క్లిప్పులు కొంచెం వదులు చేసిండు. పిల్ల టకటకా తీసుడు మొదలుపెట్టింది గానీ, రింగు బిగువు పోయింది. మూడో రోజుకే పప్పు కారి బ్యాగులో నోట్సుబుక్కు పసుపు పచ్చగ అయింది. అసలు బిగుతుగ ఉన్నప్పుడు కూడా లోపలి గదుల అడ్డగోడలు మూత దాకా అందవు. డబ్బా బ్యాగులో నిలబడి పోతది కాబట్టి పప్పు పోయి పల్లిపట్టి గదిలో చేరుతది. అమ్మేటప్పుడు "దేనికది వేరేగ ఉంటది" అన్నరు. పొడి తిండికి అయితే ఆ మాట నిజమే.

అప్పటి నుంచి మా ఇంట్లో సద్ది అంటే కారనిది. సర్వపిండి మస్తు పనికొచ్చింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానబెట్టిన శనగపప్పు, కరివేపాకు వేసి పలుచగ ఒత్తి కాల్చి, నాలుగు ముక్కలు చేసి పెడితే మధ్యాహ్నానికి చల్లబడ్డా రుచి తగ్గదు. పెద్దోడి దోస్తులు దాని కోసం వాని పక్కన కూర్చుంటరట, అందుకే రెండు ముక్కలు ఎక్కువ పెడుత. బొబ్బర్ల గుడాలు పోపు వేసి, నీళ్లు పూర్తిగ ఇంకినాక పెడితే చెంచా కూడా అక్కరలేదు.

జొన్నరొట్టె నేరుగ పెడితే బడిలో అట్టముక్క అయితది. వేడి మీదనే తుంచి, బెల్లం, నెయ్యి వేసి మలీద చేసి ముద్దలు కడితే రొట్టె వద్దన్న పిల్లనే ఇంకోటి అడుగుతది. బతుకమ్మకు మాత్రమే చేసేటిదాన్ని ఇట్ల వారానికి రెండుసార్లు చేసుడు మా అత్తమ్మకు మొదట్లో వింతగ అనిపించింది. వనపర్తి దిక్కు యాసంగి పల్లి వచ్చే రోజుల్లో పల్లీలు ఎక్కువ కొని వేయించి పెట్టుకుంట. పెద్దోడికి పట్టి, చిన్నదానికి దంచి బెల్లంతో ముద్ద. నాలుగేండ్ల పిల్లకు గింజ గింజగ పెడితే గొంతుకు అడ్డం పడే భయం ఉంటది. ద్రాక్ష కూడా నిలువుగ కోసే పెట్టిన.

పెరుగన్నం సంగతి చెప్పాలె. పాలమూరు ఎండకు, పొద్దున కలిపిన పెరుగన్నం పన్నెండింటికి ముక్కు మూసుకొని తినాల్సిందే. అన్నం మెత్తగ మెదిపి, కాగి చల్లారిన పాలు పోసి, పెరుగు ఒక్క చెంచా కలిపి పంపుత. తినే వేళకు కమ్మగ తోడుకుంటది. నాలుగు దానిమ్మ గింజలు వేస్తే చిన్నది అవి ఏరుకుంటూ అన్నం కూడా తింటది.

కానివి కూడా ఉన్నయి. అత్తమ్మది గద్వాల, ఆమె చేసే మరమరాల ఉగ్గాని పొయ్యి మీది నుంచి దించంగనే తింటే అమృతం, డబ్బాలో నాలుగు గంటలుంటే సాగుతది. సీతాఫలాల కాలంలో బాలానగర్ దగ్గర రోడ్డు మీద గంప కొంటం, అవి ఇంటి గడప దాటవు. గింజలు ఎక్కడ ఊయాలె, చేతులు ఎక్కడ కడగాలె?

డబ్బా విషయానికి వస్తే, స్టీలు ఇప్పటికీ గట్టిగనే ఉన్నది. ఇంతకుముందు వాడిన ప్లాస్టిక్ డబ్బాలాగ పసుపు పట్టలేదు, ఎల్లిపాయ వాసన నిలువలేదు. క్లిప్పుల తీగలు మాత్రం రెండో వానాకాలానికే తుప్పు పట్టినయి. రింగును తీసి కడగకపోతే దాని కింద నల్లగ బూజు పేరుకుంటది. నేను చూసేసరికే ఒకటి పాడైంది. వట్టి రింగు ఇయ్యమంటే కొన్న దుకాణంలో కొత్త డబ్బా చూపించిన్రు. ఇంకో వీధిలో కుక్కర్ల రిపేరు చేసేటాయన కొలత చూసి ఒకటి కోసిచ్చిండు, అదే నడుస్తుంది. వేడన్నం పెట్టి వెంటనే మూత బిగిస్తే లోపల చెమట పట్టి సర్వపిండి కూడా తడిసిపోతది. పళ్లెంలో పది నిమిషాలు ఆరబెట్టినాకనే పెట్టాలె. పొద్దున బస్సు హారన్ కొడుతుంటే ఆ పది నిమిషాలు దొరుకుడే కష్టం.

మూడు గదులు నింపితే పిల్లలకు ఎక్కువైతది. వాళ్లకు తినేటందుకు దొరికేదే ఇరవై నిమిషాలు, అందులో సగం ముచ్చట్లకే పోతది. నేను ఇప్పుడు ఒక గదిని ఖాళీగనే వదిలేస్త. మార్చిలో ఒంటిపూట బడులు మొదలైతే పెద్ద డబ్బా కడిగి అటక మీద పెట్టి, చిన్న డబ్బీలో గుడాలో, ముద్దలో పంపుత.

కొనేటోళ్లు పిల్లను దుకాణానికి తోలుకపోయి, అక్కడనే నాలుగుసార్లు మూత తీయించి చూసి కొనుర్రి. మా చిన్నదానికి ఇప్పుడు ఏడేండ్లు, పోయిన నెల దాని క్లిప్పులు మళ్లీ బిగించినం. సోమవారం పప్పన్నం కావాలని అడిగింది. మరీ గట్టిగ కలిపి పంపిన, కారలేదు.