కాఫీ తోటలో పిండినల్లికి క్రిప్టోలేమస్ పురుగులు: కొనొచ్చా?

కొనొచ్చు. కాఫీ మొక్కల గెలల మీద, లేత రెమ్మల మీద తెల్లగా పేరుకునే పిండినల్లి అనే పురుగును తినడంలో క్రిప్టోలేమస్ జాతి అక్షింతల పురుగు చాలా గట్టిది. కానీ చీమలను అదుపు చేయకుండా వదిలితే పెట్టిన డబ్బు వృథా.

ఎదిగిన క్రిప్టోలేమస్ సుమారు 4 మిల్లీమీటర్లు ఉంటుంది. రెక్కలు ముదురు గోధుమ రంగు, తల, రెక్కల చివర నారింజ రంగు. ల్యాబుల్లో గుమ్మడికాయల మీద పిండినల్లిని పెంచి, దాని మీద వీటిని పెంచుతారు. డబ్బా అందగానే కదలిక ఉందో లేదో చూడండి. ముందు కాళ్లు పసుపు గోధుమగా ఉంటే మగవి, నల్లగా ఉంటే ఆడవి, రెండూ ఉండాలి. డబ్బాను ఎండలో, ఫ్రిజ్‌లో పెట్టకూడదు. సాయంత్రం గానీ తెల్లవారుజామున గానీ వదిలేయాలి. పిండినల్లి పట్టిన మొక్కకు తీవ్రతను బట్టి 2 నుంచి 10 పురుగులు చాలు. పిండినల్లి లేని మొక్కలకు అక్కర్లేదు.

ఇక చీమల సంగతి. పిండినల్లి విసర్జించే తియ్యటి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, అక్షింతల పురుగును దగ్గరకు రానివ్వవు. అందుకే పురుగులు తెప్పించే ముందే మొదళ్ల దగ్గర పుట్టలు తవ్వేయాలి. కాండానికి ప్లాస్టిక్ పట్టీ చుట్టి, దాని మీద జిగురు పూయాలి. బెరడుకు నేరుగా పూయొద్దు. నేలకు, పక్క మొక్కకు, నీడ చెట్టుకు తగిలే కొమ్మలు కత్తిరించకపోతే చీమలు ఆ దారిన ఎక్కేస్తాయి, పట్టీ ఉన్నా లాభముండదు.

రెండో నష్టం మన చేతులతోనే జరుగుతుంది. ఈ పురుగు పిల్లలు ఒళ్లంతా తెల్లటి మైనపు పోగులతో అచ్చం పెద్ద పిండినల్లిలా కనిపిస్తాయి. పిండినల్లి కదిలీ కదలనట్టు ఉంటుంది, ఇవి చురుగ్గా నడుస్తాయి. కూలీలకు ఈ తేడా చూపించకపోతే మందు కొట్టి వీటినే చంపేస్తారు. క్లోరోపైరిఫాస్, క్వినాల్‌ఫాస్ లాంటి పురుగుమందులు కొట్టిన తోటలో వెంటనే వదలకూడదు.

చలి కూడా లెక్కలోకి వస్తుంది. 16 డిగ్రీల లోపు ఇవి మందగిస్తాయి. లంబసింగి, చింతపల్లి వైపు డిసెంబరు, జనవరుల్లో కొనడం దండగ. చలి తగ్గి, పిండినల్లి పెరగడం మొదలైనప్పుడు, దాని గుడ్ల సంచులు కనిపించాక తెప్పించండి. క్రిప్టోలేమస్ ఆడ పురుగు ఆ సంచుల్లోనే గుడ్లు పెడుతుంది. తరం పూర్తవడానికి దాదాపు నెల పడుతుంది కాబట్టి వారంలో ఫలితం ఆశించకూడదు. రసాయనాలు వాడని అరకు, పాడేరు తోటలకు ఈ పద్ధతి బాగా నప్పుతుంది.

క్రిప్టోలేమస్‌ను 1898లో ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చింది పచ్చ పొలుసు పురుగు కోసం. దాని మీద పెద్దగా ఫలించలేదు గానీ పిండినల్లి మీద రాణించింది. కాయతొలుచు పురుగు, కాండం తొలిచే పురుగు లోపల దాక్కుంటాయి కాబట్టి వాటి మీద దీన్ని నమ్ముకోవద్దు.

పిండినల్లి పలచగా ఉన్నప్పుడు ఇది తిండి చాలక వెళ్లిపోతుంది. అప్పుడు లెప్టోమాస్టిక్స్ అనే చిన్న కందిరీగ మేలు. కాకపోతే అది ప్లానోకాకస్ సిట్రీ రకం పిండినల్లి మీదే బతుకుతుంది. లిలాసినస్ అనే మరో రకం పిండినల్లి అయితే ఈ కందిరీగ పనికిరాదు. మీ తోటలో ఉన్నదేదో ఆర్‌వీ నగర్ కాఫీ పరిశోధన కేంద్రంలో రెమ్మ చూపించి తేల్చుకున్నాకే ఆర్డరు పెట్టండి.