యాంటిక్ షాండ్లియరా, వింటేజా: ఏది మేలు? ముందు వైరు దారి చూడండి

పాత షాండ్లియర్ (సీలింగ్‌కు వేలాడే కొమ్మల దీపం) కొనాలనుకునేవాళ్లు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "నూరేళ్లు దాటిన యాంటిక్ తీసుకోమంటారా, లేక యాభై అరవై ఏళ్ల నాటి వింటేజ్ సరిపోతుందా?" ఈ నెలలోనే ముగ్గురు అడిగారు. నేనూ ఈ మధ్యే మా ఇంట్లో ఒకటి దించి ఇంకొకటి పెట్టాను కాబట్టి, ఆ అనుభవం పచ్చిగా ఉండగానే అందరికీ ఒకేచోట జవాబు రాస్తున్నాను.

నా మటుకు వయసు రెండో ప్రశ్న. మొదట తేల్చుకోవాల్సింది, ఆ దీపం ఏ నిప్పు కోసం తయారైంది అని. కొవ్వొత్తి కోసమా, గ్యాస్ మంట కోసమా, కరెంటు బల్బు కోసమా? ఇది తెలిస్తే దాంట్లో వైరు ఎటునుంచి వెళ్తుందో, వెలుగు ఎటు పడుతుందో రెండూ తెలిసిపోతాయి. షాపులో అందరం కొమ్మలకు వేలాడే గాజు లోలకాల మెరుపు చూసి మురిసిపోతాం, ఆ పైన ధర అడుగుతాం, బరువు అడుగుతాం, వైరు సంగతి మాత్రం ఇంటికి తెచ్చి ఎలక్ట్రీషియన్‌ని పిలిచాక గానీ గుర్తుకురాదు.

కొవ్వొత్తి షాండ్లియర్ కొమ్మ లోపల ఏదీ పారాల్సిన పని లేదు. అందుకే ఆ కొమ్మ చాలాసార్లు నిండుగా పోత పోసిన ఇత్తడి అయి ఉంటుంది, లేదా వంచిన గట్టి గాజు కడ్డీ అయి ఉంటుంది. తరువాత ఎప్పుడో ఎవరో దానికి కరెంటు పెట్టారు. పెట్టడానికి ఉన్నవి రెండే దారులు: కొమ్మ వెంబడి బయటినుంచి వైరు చుట్టుకుంటూ రావడం, లేదా కొమ్మ బోలుగా ఉంటే దానికి బెజ్జం వేసి లోపలినుంచి పంపడం. మొదటిది చూపుకు బాగుండదు గానీ వస్తువుకు హాని చేయదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పేయొచ్చు. రెండోది చూపుకు శుభ్రంగా ఉంటుంది, కానీ గాజుకు బెజ్జం పడిన చోటు ఆ తరువాత జీవితాంతం బలహీనమే.

ఇది నేను చదివి చెబుతున్నది కాదు. మా పాతది ఆరు బోలు కొమ్మల గాజు షాండ్లియర్, కొవ్వొత్తుల కోసమే చేసింది. అమ్మినవాళ్లు వైరింగ్ అంతా కొత్తదేనని గట్టిగా చెప్పారు, నేను నమ్మాను. ఏడాది తిరక్కుండానే ఒక బల్బు మినుకు మినుకుమనడం మొదలెట్టింది. దించి హోల్డర్ విప్పితే బయటికి కనిపించే నాలుగంగుళాలే కొత్త వైరు, లోపలిదంతా బట్ట చుట్టిన పాత రబ్బరు వైరు. వేలితో కొంచెం వంచానో లేదో ఆ రబ్బరు నల్లగా పొడిపొడిగా టేబుల్ మీద రాలింది, లోపలి రాగి తీగ బోసిగా బయటపడింది. దాన్ని బయటికి లాగబోతే బెజ్జం దగ్గర సన్నగా టిక్కుమని చప్పుడైంది, కొమ్మ అక్కడికి రెండు ముక్కలు. అలాంటి వంపు, అలాంటి గాజు రంగు ఉన్న కొమ్మ మళ్లీ దొరకలేదు. ఒక పక్క కొమ్మ పోతే షాండ్లియర్ ఒరిగిపోతుంది కాబట్టి దానికి ఎదురుగా ఉన్న మంచి కొమ్మను కూడా తీసేయాల్సి వచ్చింది.

రబ్బరు అలాగే ఎండిపోతుంది, అది ఎవరి తప్పూ కాదు. వేడికి, గాలికి దశాబ్దాల తరబడి గట్టిపడి పగుళ్లిస్తుంది. ప్లాస్టిక్ తొడుగు వైర్లు వాడుకలోకి రాకముందు చేసిన ఏ దీపానికైనా అసలు వైరు ఇంకా ఉందంటే, వెలుగుతోందా లేదా అన్నది అనవసరం, మార్చాల్సిందే. వెలగడమంటే క్షేమంగా ఉన్నట్టు కాదు. పైగా పాతవాటిలో తరచుగా రెండే వైర్లుంటాయి, ఎర్త్ ఉండదు. ఒళ్లంతా ఇత్తడి ఉన్న వస్తువుకు ఎర్త్ లేకుండా కరెంటు ఇవ్వడం నాకైతే చాలా భయం. మీరు కూడా ఈ ఒక్క విషయంలో రాజీ పడకండి.

కొవ్వొత్తి షాండ్లియర్ అందం మాటకొస్తే మాత్రం దానికి సాటి లేదు. 1674లో ఇంగ్లండులో జార్జ్ రావెన్స్‌క్రాఫ్ట్ సీసం కలిపిన గాజుకు పేటెంట్ తీసుకున్నాడు. ఆ గాజు బరువుగా ఉండి, సాన పట్టడానికి మెత్తగా లొంగి, వెలుగును ఎక్కువగా విరిచి రంగులుగా చిమ్ముతుంది. ఆ లోలకాల పనంతా బలహీనమైన మంటను వందల చుక్కలుగా పెంచి చూపించడం. వెలుగును కొలిచేది ల్యూమెన్లలో; ఒక కొవ్వొత్తి ఇచ్చే వెలుగు సుమారు 12, 13 ల్యూమెన్లు. పాత 40 వాట్ల బల్బు 400 ల్యూమెన్లకు అటూ ఇటూ. అంటే మనం ఒక్కో కొమ్మకు ముప్పై కొవ్వొత్తులు గుచ్చుతున్నామన్నమాట! లోలకాలు మెరవకుండా కళ్లు జిగేలుమనడం అందుకే. చాలామంది "షాపులో ఉన్న మెరుపు ఇంట్లో రాలేదు" అంటుంటారు, వెళ్లి చూస్తే పాలరంగు పూత ఉన్న ఎల్‌ఈడీలు పెట్టుకుని ఉంటారు. సాన పట్టిన గాజుకు చిన్న చుక్కలాంటి వెలుగు కావాలి. పారదర్శకమైన గాజులో ఫిలమెంట్ కనిపించే ఎల్‌ఈడీ, అదీ రెండు మూడు వాట్లది, 2700 కెల్విన్ లేదా అంతకన్నా తక్కువ పసుపు వెలుగుది, వీలైతే వెలుగు తగ్గించుకునే డిమ్మర్‌తో పెట్టి చూడండి. అదే వస్తువు మళ్లీ ప్రాణం పోసుకుంటుంది.

మరియా థెరిసా పేరుతో పిలిచే రకం ఈ గుంపులో కొంచెం నయం. వాటి కొమ్మ లోపల చదునైన లోహపు పట్టీ ఉంటుంది, దానికి గాజు పలకలు తొడుగుతారు. కాబట్టి పట్టీ వెంబడి వైరును దాచుకుంటూ తీసుకెళ్లొచ్చు, బెజ్జం గొడవ ఉండదు. యాంటిక్ రూపమే కావాలని మనసు పట్టుబడితే నేను ముందు ఇటే చూస్తాను. ఇవి కొత్తవి కూడా ఇప్పటికీ తయారవుతున్నాయి, కాబట్టి వయసు ఎంతో తేల్చుకున్నాకే యాంటిక్ ధర పెట్టండి.

గ్యాస్ కోసం చేసినవి మధ్యరకం. పంతొమ్మిదో శతాబ్దంలో వీటి కొమ్మల్లో గ్యాస్ పారేది, అంటే కొమ్మంతా బోలు గొట్టమే. వైరుకు సిద్ధంగా దారి ఉన్నట్టే అనిపిస్తుంది, చాలావరకు నిజమే కూడా. కానీ ఒక్కో కొమ్మకు గ్యాస్ ఆపడానికి చిన్న చెవి ఉంటుంది, తిప్పే బిరడా లాంటిది. వైరు సరిగ్గా అక్కడికి వచ్చి ఆగిపోతుంది. ఆ బిరడాను తొలవాలి, లేదా తీసి పక్కన పెట్టాలి. గొట్టం ఇరుకు, మలుపులు మరీ పదునుగా ఉంటాయి, లోపలి అంచులు వైరు తొడుగును గీరేస్తాయి. ఓపికున్న పనివాడు దొరికితే చేయొచ్చు. ఆ చెవులు పోగొట్టకుండా మళ్లీ బిగించమని చెప్పండి, వస్తువు పుట్టుక తెలిసేది వాటివల్లే.

ఇక్కడే నాకు చాలా ఇష్టమైన రకం ఒకటి చెప్పాలి. కరెంటు కొత్తగా వచ్చిన రోజుల్లో, 1880ల నుంచి ఇరవయ్యో శతాబ్దం మొదటి పదేళ్ల దాకా, సరఫరా ఎప్పుడు పోతుందో తెలియక రెండూ కలిపి చేసేవారు. అలాంటి దాంట్లో గ్యాస్ కొమ్మలు పైకి చూస్తాయి, బల్బు కొమ్మలు కిందికి చూస్తాయి. మంట పైకే పోతుంది కాబట్టి దాని గిన్నె పైకే తెరిచి ఉండాలి. బల్బుకు ఆ నిర్బంధం లేదు. దీపం తల కిందికి దించి, వెలుగును నేరుగా బల్ల మీదికి పంపడం అప్పుడు ఎంత కొత్త సంగతో ఆ ఒక్క వస్తువులో కళ్లకు కడుతుంది.

కరెంటు కోసమే చేసిన దీపాలకు నేను మొగ్గడానికి మొదటి కారణం వైరుకు దారి ముందే ఉండడం, రెండో కారణం ఇదే. కొవ్వొత్తి రకం వెలుగు ఎక్కువగా సీలింగ్ మీదికి, గోడల మీదికి పోతుంది, కింద కూర్చున్నవాళ్ల మీద కొమ్మల నీడలు పడతాయి. హాల్లో అది అందమే. అదే తినే బల్ల మీద, చదువుకునే చోట మాత్రం చిరాకు. ఇరవయ్యో శతాబ్దపు డిజైనర్లు ఈ ప్రశ్న మీదే కష్టపడ్డారు. డెన్మార్క్‌లో పౌల్ హెనింగ్సెన్ 1920ల నుంచి, బల్బు కంటికి కనబడకుండా వెలుగు మాత్రం చేరేలా ఒకదాని కింద ఒకటి రేకులు పేర్చుకుంటూ వెళ్లాడు. 1958 నాటి ఆయన పీహెచ్ 5 అనే వేలాడే దీపం ఇప్పటికీ తయారవుతోంది. అదే ఏడాది ఇటలీలో జీనో సర్ఫత్తి 2097 అనే షాండ్లియర్ చేశాడు. మధ్యలో ఒక స్తంభం, చుట్టూ సన్నటి కడ్డీలు, వైర్లను దాచకుండా తోరణాల్లాగా బయటికే వేలాడదీశాడు. వైరే అలంకారమైపోయింది. దాన్ని తలచుకున్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

అంత పేరున్నవే కొనక్కర్లేదు. నేను ఇప్పుడు పెట్టుకున్నది 1950ల నాటిదని చెప్పి అమ్మిన మామూలు ఇత్తడిది, ఐదు కొమ్మలు, ఎవరు చేశారో ముద్ర కూడా లేదు. అడుగున ఉన్న బొడిపెను ఎడమకు తిప్పితే చిన్న ఇత్తడి గిన్నె కిందికి దిగింది, ఐదు కొమ్మల వైర్లూ లోపల ఒకేచోట కలిసి కనిపించాయి. దాన్ని చూడగానే సగం టెన్షన్ పోయింది. పాత వైర్లు లాగేశాక, కొమ్మలో ఒక వైపు నుంచి కుట్టుదారం కొస వదిలి, రెండో వైపు వాక్యూమ్ క్లీనర్ గొట్టం ఆనిస్తే దారం వంపులన్నీ దాటుకుని సర్రున బయటికొచ్చింది. దారానికి గట్టి ట్వైను, ట్వైనుకు కొత్త వైరు కట్టి లాగాం. హోల్డర్లు మార్చి, ఎర్త్ వైరు కలిపి, పరీక్షించి పైకెక్కించేసరికి ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట పట్టింది, ఒక్క బెజ్జం కొత్తగా వేయలేదు.

కాబట్టి రోజూ స్విచ్ వేసి ఆపే గదికైతే నా ఓటు కరెంటు కోసమే చేసిన వింటేజ్‌కే. కాకపోతే వింటేజ్‌కు దాని మోసాలు దానికున్నాయి. ఇత్తడి అన్నదాని మీద అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకుంటే లోపల ఇనుము, పైన పూత మాత్రమే. అంటుకోకపోయినా సంబరపడొద్దు, జింకే ఎక్కువగా ఉండే చవక పోత లోహానికీ అయస్కాంతం అంటదు. కనబడని చోట చిన్న గీత పెడితే లోపల పసుపు కాకుండా వెండిలా తెల్లగా ఉంటే అది ఇత్తడి కాదు, వంగితే విరుగుతుంది. ఇంకో దేశం నుంచి తెచ్చినదైతే వోల్టేజీ, హోల్డర్ కొలత రెండూ చూసుకోవాలి. అమెరికా దీపాలు 120 వోల్టుల సరఫరా కోసం చేసినవి, 230 వోల్టుల ఇంట్లో ఎలక్ట్రీషియన్‌కు చూపించకుండా వాడకూడదు.

గాజు నాణ్యత గురించి ఎక్కువ చెప్పను, దాని గురించి అందరూ రాస్తారు. యూరప్ నిబంధనల ప్రకారం కనీసం 24 శాతం సీసం ఆక్సైడ్ ఉంటేనే లెడ్ క్రిస్టల్ అనాలి. చేత్తో సాన పట్టిన లోలకాలు ఒకదానికొకటి కొద్దిగా తేడాగా ఉంటాయి, అన్నీ అచ్చు గుద్దినట్టుంటే అవి తరువాత మార్చినవై ఉండొచ్చు. మార్చినంత మాత్రాన అది తప్పేమీ కాదు, ధరలో కనిపిస్తే చాలు. లోలకాలు కట్టిన పిన్నులు మాత్రం ఒక్కొక్కటీ చూడండి, పడేది వాటివల్లే.

వేలాడదీసే చోటు కూడా కొనకముందే చూసుకోండి. మామూలు దీపం పెట్టే సీలింగ్ పెట్టెకు బరువైన షాండ్లియర్‌ను తగిలించకూడదు, దూలానికో స్లాబుకో బిగించిన హుక్ కావాలి. లోలకాలన్నీ తగిలించాక ఎంత బరువో అమ్మేవాళ్లను అడగండి, చెప్పలేకపోతే తూకం వేయించండి. కింద మనుషులు నడిచే చోట అడుగు భాగం నేలకు కనీసం ఏడడుగుల పైన ఉండాలి, బల్ల మీదైతే బల్ల పైనుంచి 30 నుంచి 36 అంగుళాలు.

కొత్తగా పాతలా చేసిన నకళ్లు? వైరింగ్ బాధ ఉండదు, విరిగితే విడిభాగాలు దొరుకుతాయి, బడ్జెట్ తక్కువైతే తీసుకోండి. రంగు గాజు ముక్కలు అతికిన టిఫనీ రకం టేబుల్ దీపాలు ఒక మూలకు బాగుంటాయి, గదికంతటికీ వెలుగు వాటివల్ల కాదు. గోడ దీపాలు జతగా దొరికితేనే కొనండి.

దూరం నుంచి కొనేవాళ్లకు ఒకటే చెబుతాను. అమ్మేవాళ్లు పంపే ఫొటోలన్నీ వెలిగించినవే ఉంటాయి. ఆర్పి, అడుగు గిన్నె విప్పి, వైర్లు కలిసే చోటు ఫొటో తీసి పంపమనండి. ఒక్క హోల్డర్ విప్పి లోపలి వైరు కూడా చూపించమనండి. పంపినవాళ్లతో బేరమాడొచ్చు, పంపనివాళ్లను వదిలేయండి.

ఇక మా పాత గాజు షాండ్లియర్‌ను నేను అమ్మలేదు. మిగిలిన నాలుగు కొమ్మల్లోని పాత వైరును లాగకుండా, రబ్బరును కొంచెం కొంచెంగా గీకి తీయించాను, దానికి వారం పట్టింది. హోల్డర్లు తీసేసి, కొవ్వొత్తి గిన్నెలు తిరిగి పెట్టాం. కిందికి దించుకునేలా కప్పీ మీద వేలాడుతోంది, ఎప్పుడైనా ఒక సాయంత్రం నాలుగు కొవ్వొత్తులు వెలిగించి, ఆరేదాకా దగ్గరే కూర్చుంటాం. నాలుగు మంటలు కలిసి యాభై ల్యూమెన్లు కూడా ఉండవు, అయినా అన్ని లోలకాల్లోనూ ఒక్కో చుక్క కదులుతూ కనిపిస్తుంది.