ప్రైవేటు ప్రొబేషన్ ఆఫీసు, అట్లాంటా ఉత్తరం వైపు: 2/5

ఇటువైపు మనవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి రాస్తున్నా. స్పీడింగ్ టికెట్టే కదా, ఫైన్ కట్టి వదిలించుకుందాం అనుకోకండి, జార్జియాలో ట్రాఫిక్ తప్పులు దాదాపు అన్నీ మిస్‌డిమీనర్ (చిన్నస్థాయి క్రిమినల్ నేరం) కిందే వస్తాయి. మా పిన్ని కొడుకు హైవే 400 మీద వంద మైళ్ళు దాటించి రెక్‌లెస్ డ్రైవింగ్‌లో దొరికాడు. తప్పు వాడిదే. జడ్జి గారు 12 నెలల ప్రొబేషన్ (జైలుకి బదులు షరతులతో నిఘాలో ఉండడం) వేసి ఈ కంపెనీకి అప్పగించారు. పేరు రాయను, రాసినా లాభం లేదు, కోర్టు ఎవరికి కాంట్రాక్టు ఇస్తే వాళ్ళ దగ్గరికే వెళ్ళాలి.

నెలనెలా వెళ్ళి కనపడాలి, ఫీజు కట్టాలి, దాని మీద బాధితుల నిధికి ఇంకో 9 డాలర్లు. బయట ఎంతసేపు కూర్చోబెట్టినా లోపల అడిగేది మాత్రం అడ్రస్ మారిందా, మళ్ళీ ఎక్కడైనా పట్టుబడ్డావా, డబ్బు తెచ్చావా, అంతే.

షరతుల్లో ఒకటైన కమ్యూనిటీ సర్వీస్ (జీతం లేని సేవ) గుళ్ళో చేశాడు, అన్నదానం గిన్నెలు కడిగి. గుడివాళ్ళు మామూలు తెల్లకాగితం మీద సంతకం పెట్టిచ్చారు, లెటర్‌హెడ్ లేదని ఆఫీసువాళ్ళు తిప్పి పంపారు. కొత్తది తెచ్చేలోపు గడువు దాటింది, అది ఒక వయలేషన్, అంటే షరతు తప్పినట్టు. మిడ్‌టర్మ్ పరీక్ష ఉండి మర్నాడు రిపోర్ట్ చేశాడు, అది ఇంకో వయలేషన్. ఒక్క ఫోన్ కాల్‌తో తేలిపోయే దానికి ఏకంగా కోర్టు నోటీసు! వీసా మీద ఉన్న పిల్లాడు, టెన్షన్ చెప్పాలా? నెల్లూరు నుంచి పిన్ని రోజూ ఫోను, "అరెస్టు చేస్తారేమో రా అబ్బాయ్" అని.

అసలు ఈ కంపెనీ నడిచేదే మనం కట్టే ఫీజుల మీద. ఫైలు మూసేస్తే రాబడి ఆగిపోతుంది, ఇక మూసే తొందర ఎవరికుంటుంది? 2015లో చట్టం మార్చి, ఒకేసారి ఫైన్ కట్టలేక ప్రొబేషన్‌లో పడ్డవాళ్ళ దగ్గర మూడు నెలల ఫీజుకి మించి లాగకూడదన్నారు, సంతోషం, కానీ మావాడిలా వేరే షరతులున్నవాళ్ళకి అది పనికిరాదు. డబ్బు నిజంగా లేనివాణ్ణి, ఎందుకు కట్టలేదో విచారించకుండా జైల్లో వెయ్యకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1983లోనే చెప్పింది, అదీ బేర్డెన్ అనే జార్జియా మనిషి కేసులోనే. ఈ ఆఫీసు గోడల నిండా ఫీజుల పట్టికే తప్ప ఆ ముక్క ఎక్కడా లేదు.

పెన్సిల్వేనియాలో మీక్ మిల్ అనే ర్యాపర్‌కి పాత కేసు ప్రొబేషన్ సాగుతూ సాగుతూ, వీధిలో బైకు ముందు చక్రం లేపినందుకు అయిన అరెస్టు లాంటివి కలిపి 2017లో రెండు నుంచి నాలుగేళ్ళ శిక్ష వేశారు. పెద్ద గొడవైంది. 2023లో అక్కడ చట్టం మార్చారు, ఇలాంటి టెక్నికల్ వయలేషన్‌కి (కొత్త నేరం కాదు, షరతు తప్పడం మాత్రమే) మామూలుగా మొదటిసారి 14 రోజులు, రెండోసారి 30 రోజులు మించకూడదు. మినహాయింపులు ఉన్నాయనుకోండి. నన్నడిగితే లెటర్‌హెడ్ లేనందుకు ఒక్కరోజు కూడా ఎక్కువే. ముందు ఫోన్ చెయ్యండి, వారం గడువివ్వండి, అప్పటికీ రాకపోతే కోర్టుకి వెళ్ళండి.

ఆ రెండు స్టార్లూ కౌంటర్లో ఉన్న అమ్మాయికి. పాత లెటర్ కాపీ మీద తేదీ ముద్ర వేసి ఇచ్చింది, అది చూసే జడ్జి గారు వయలేషన్ కొట్టేశారు. ఇండియా వెళ్ళాలంటే పర్మిషన్‌కి ముందే అప్లై చెయ్యమని చెప్పింది కూడా ఆవిడే. ఈ ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు ఫీజు కట్టిన మనీ ఆర్డర్ రసీదులు మాత్రం పారెయ్యకండి.