సంఘం పాస్‌వర్డ్‌లకు బిట్‌వార్డెన్: వాడి చూశాక నా అభిప్రాయం

చిన్న సంఘానికి పాస్‌వర్డ్ మేనేజర్ (పాస్‌వర్డ్‌లన్నీ ఒకేచోట తాళం వేసి దాచే యాప్) ఏది మంచిదని అడిగితే నేను బిట్‌వార్డెన్ పేరే చెప్తాను, అదీ ఉచిత ప్లానే, కాకపోతే అది ఏ పని చేస్తుందో ఏది చేయదో తెలుసుకుని పెట్టుకోండి.

మన చర్చిల్లో సంగతి తెలిసిందే. ఆదివారం ఆరాధన లైవ్ ఇచ్చే యూట్యూబ్ ఛానల్ ఒక యూత్ బ్రదర్ సొంత జీమెయిల్ మీద ఉంటుంది, ఫేస్‌బుక్ పేజీ ఇంకొకరి నంబర్ మీద ఉంటుంది, పాస్‌వర్డ్‌లు మాత్రం అందరూ చూసే వాట్సాప్ గ్రూపులో. ఆ బ్రదర్‌కి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతే ఇక వెతుకులాటే. మా సంఘంలో ప్రార్థన విన్నపాలు కూడా ఒక గూగుల్ షీట్‌లో ఉండేవి, ఎవరికి ఏ జబ్బు, ఎవరింట్లో ఏ గొడవ, అన్నీ. డబ్బు కంటే నాకు దాని గురించే ఎక్కువ టెన్షన్. అయ్యగారిని నమ్మి చెప్పుకున్న మాటలవి, బయటికి పొక్కితే ఆ కుటుంబాలు మళ్ళీ చర్చిలో అడుగు పెట్టలేవు.

బిట్‌వార్డెన్‌ది ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్‌ని ఎవరైనా తెరిచి చూడొచ్చు. పాస్‌వర్డ్‌లు మన ఫోన్‌లోనే లాక్ అయ్యాకే వాళ్ళ సర్వర్‌కి వెళ్తాయి, కాబట్టి కంపెనీ వాళ్ళు కూడా చదవలేరు. ఉచితంగానే ఎన్ని పాస్‌వర్డ్‌లైనా, ఎన్ని ఫోన్లలోనైనా పెట్టుకోవచ్చు. కలిసి వాడుకోవడానికి మాత్రం ఇద్దరికే అవకాశం. మేము ట్రెజరర్‌గారిని, మీడియా చూసే సిస్టర్‌ని పెట్టాం, అది సరిపోయింది. ఎందుకంటే యూట్యూబ్‌కి అసలు పాస్‌వర్డ్ పంచక్కర్లేదు, స్టూడియో సెట్టింగుల్లో పర్మిషన్స్‌లోకి వెళ్ళి మిగతా పిల్లల్ని ఎడిటర్లుగా చేరిస్తే చాలు, మానేసినవాళ్ళని తీసేయడమూ అక్కడే.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి. గూగుల్ లాగిన్ లాగే కనిపించే దొంగ పేజీ తెరిస్తే అక్కడ ఇది పాస్‌వర్డ్ చూపించదు, అడ్రస్ వేరు కదా. వయసు పైబడిన ట్రెజరర్‌గారికి మేం చెప్పింది ఒక్కటే: పాస్‌వర్డ్ దానంతటది రాకపోతే చేత్తో కొట్టొద్దు, మాకు ఫోన్ చేయండి.

లోపాలూ ఉన్నాయి. ఆండ్రాయిడ్‌లో ఆటోఫిల్, అంటే పాస్‌వర్డ్ దానంతటది నిండడం, అసలు పేజీలో కూడా ఒక్కోసారి పైకి రాదు, మాకు ఫోన్ చేసి అడిగాక యాప్ తెరిచి కాపీ చేసుకోవాలి, పెద్దవాళ్ళకి అది విసుగు. అసలు పెద్ద సమస్య మాస్టర్ పాస్‌వర్డ్, అంటే యాప్‌నే తెరిచే పాస్‌వర్డ్. మర్చిపోతే కంపెనీ మళ్ళీ ఇవ్వలేదు, అత్యవసరంలో ఇంకొకరు తెరిచే సౌకర్యం డబ్బు కట్టే ప్లాన్‌లోనే ఉంది. అందుకే మాస్టర్ పాస్‌వర్డ్‌నీ, రెండో అంచె (పాస్‌వర్డ్ తర్వాత అడిగే ఇంకో తనిఖీ) పనిచేయకపోతే వాడే రికవరీ కోడ్‌నీ కాగితం మీద రాసి, కవర్ అంటించి, ఇద్దరు సంఘ పెద్దలు సంతకాలు పెట్టి కానుకల లెక్కల పుస్తకాలుండే బీరువాలో పెట్టాం.

ఇది ఆపలేనివీ చెప్పాలి. స్పాన్సర్‌షిప్ అగ్రిమెంట్ అని మెయిల్‌లో వచ్చిన ఫైల్ తెరిస్తే బ్రౌజర్‌లో ఉన్న లాగిన్ కుకీలే (మనం ముందే లాగిన్ అయ్యామని సైట్‌కి చెప్పే గుర్తులు) దొంగ చేతికి పోతాయి, పాస్‌వర్డ్‌తో వాళ్ళకి పనే ఉండదు, ఎన్నో యూట్యూబ్ ఛానళ్ళు అలాగే పోయాయి. పాస్టర్‌గారి ఫొటో పెట్టి కొత్త నంబర్ నుంచి "అర్జెంటు, కొంచెం డబ్బు పంపండి" అనే మెసేజ్‌నీ ఇది ఆపదు. అమెరికాలో ఒహాయోలోని బ్రన్స్‌విక్‌లో సెయింట్ ఆంబ్రోస్ కేథలిక్ చర్చి 2019లో 17.5 లక్షల డాలర్లు పోగొట్టుకుంది. సిబ్బంది ఈమెయిల్స్‌లోకి దూరిన దొంగలు, చర్చి పనులు చేస్తున్న కాంట్రాక్టర్ బ్యాంకు ఖాతా మారిందని నమ్మించారు. ఈమెయిల్‌కి గట్టి పాస్‌వర్డ్, రెండో అంచె ఉంటే లోపలికి రావడం కష్టమయ్యేది, నిజమే, కానీ ఖాతా మారిందని ఎవరు చెప్పినా మన దగ్గర ముందే ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి అడగడం మనుషులే చేయాలి. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని మా కమిటీ అందరికీ చెప్పాం.

గుడి కమిటీలకైనా మసీదు కమిటీలకైనా నేను ఇదే చెప్తాను. ఇద్దరు చాలకపోతే డబ్బు కట్టే ప్లాన్‌కి వెళ్ళండి, అంతేగానీ ఒకే లాగిన్‌ని నలుగురు వాడొద్దు.